అప్‌డేట్: ఆ గొడ్డలి కాలింగా వాళ్లదే

ఫిలిప్పీన్స్‌లోని బాగియో ఊళ్లో, పాత వస్తువుల షాపులో ఒక ఇగొరోట్ (అక్కడి ఉత్తర కొండల్లో ఉండే తెగలు) గొడ్డలి కొన్నాను. అది ఆ తెగల్లో బొంటోక్ వాళ్లదా, కాలింగా వాళ్లదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పిన గుర్తులు చూశాను. అంచు నెలవంకలా లోపలికి వంగి ఉంది. వెనక కొమ్ము సన్నగా, బాగా పొడవుగా సాగింది. కాలింగాదే! బొంటోక్ గొడ్డలికైతే అంచు దాదాపు తిన్నగా, వెనక మొన పొట్టిగా ఉంటుంది. కర్ర కూడా చెయ్యి పట్టే చోటే అరిగి నున్నబడింది, అందుకే టూరిస్టుల కోసం చేసింది కాదనిపిస్తోంది. ఇలాంటి గొడ్డళ్లను తలల వేటకే, అంటే శత్రువుల తలలు నరకడానికే వాడేవారని చాలామంది అనుకుంటారు. నిజానికి వీటితోనే కట్టెలూ కొట్టేవారు, మాంసమూ కోసేవారు.

తుప్పు గీకి మెరిపించొద్దన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్. దుమ్ము తుడిచి, ఇనుముకు మాత్రం పలచగా నూనె రాశాను. ఇకపై వస్తువు ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొంటాను.