మన్‌స్టర్ రగ్బీ ట్రైనింగ్ సెంటర్ లిమరిక్‌లో ఒక్కటే చాలా, కార్క్‌లో కూడా కావాలా?

షానన్_గట్టు:
ఐర్లండ్‌లో ఉన్న మనవాళ్లలో రగ్బీ చూసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. కార్క్, లిమరిక్, కెర్రీ, టిపరేరీ, క్లేర్, వాటర్‌ఫర్డ్, ఈ ఆరు కౌంటీలకీ కలిపి ఒక్కటే ప్రొఫెషనల్ టీమ్, మన్‌స్టర్. 2016 దాకా టీమ్ రెండు చోట్ల ట్రైనింగ్ చేసేది, కొందరు కార్క్‌లో కొందరు లిమరిక్‌లో, అందరూ కలవాలంటే ఎవరో ఒకరు వంద కిలోమీటర్లు కారేసుకుని రావాల్సిందే. 2016లో యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్ క్యాంపస్‌లో హై పర్ఫార్మెన్స్ సెంటర్ పెట్టి అందర్నీ అక్కడికే తెచ్చారు. మా ఆఫీసులో ఒక కార్క్ ఆయన దీని మీద ఇప్పటికీ మండిపడతాడు, కార్క్ లిమరిక్‌కి రెట్టింపు సిటీ, మా కుర్రాళ్లే ఎందుకు ఊరు వదలాలి అంటాడు. నా లెక్కలో ఒక్క సెంటరే కరెక్ట్. మీరేమంటారు?

నల్గొండ_టు_కార్క్:
అన్నా, మీ ఆఫీసాయన చెప్పింది నిజమే. నేను కార్క్‌ల ఉంటా, మా గల్లీల పోరగాళ్లు హర్లింగ్ (ఈడి కర్ర-బంతి ఆట) కర్ర వట్టుకొని తిరుగుతరు, రగ్బీ దిక్కు రావాలంటే వాళ్ల కండ్ల ముంగట ఏదన్న కనవడాలె కదా. పెద్ద యూరప్ మ్యాచ్‌లు చానా వరకు లిమరిక్ థామండ్ పార్క్‌లనే, ట్రైనింగ్ గూడ ఆడనే, ఇగ కార్క్‌కు మిగిలేదేంది? ఇంకోటి అడుగుత, మన్‌స్టర్ రెండు హైనకెన్ కప్‌లు (యూరప్ క్లబ్బుల పెద్ద కప్) ఎప్పుడు గెలిచింది? 2006ల బియారిట్జ్ మీద 23-19, 2008ల టులూజ్ మీద 16-13. రెండుసార్లు గూడ టీమ్ రెండు జాగలల్లనే ట్రైనింగ్ చేసేది. కార్క్ ఓగారా, లిమరిక్ ఓకానెల్, ఇద్దరు కలిసే గెలిపిచ్చిన్రు. సెంటర్ వచ్చినంక ఒక్క యూరప్ కప్ గూడ రాలే.

లూస్‌హెడ్:
పై పోస్టులో లాజిక్ నాకు ఎక్కలేదండీ. ఆ టీమ్ గెలిచింది రెండు చోట్ల ట్రైనింగ్ చేసినందుకు కాదు, అలా చేస్తున్నా గెలిచింది, అలాంటి ఆటగాళ్లు మళ్లీ మళ్లీ పుట్టరు. 2011లో సెల్టిక్ లీగ్ గెలిచాక 2023 దాకా ట్రోఫీయే లేదు, ఆ కరువులో మొదటి ఐదేళ్లు ఈ రెండు చోట్ల పద్ధతే నడిచింది, మరి దాన్నేమంటారు?

నేను ఇక్కడ లోకల్ క్లబ్బులో ఫార్వర్డ్‌గా ఆడతాను, చిన్న స్థాయే అనుకోండి, అయినా లైనౌట్ (బంతి గీత దాటి బయటికి పోతే మళ్లీ లోపలికి విసిరేది) సంగతి ఒంటికి తెలుసు. హుకర్ బంతి విసిరే క్షణానికి ఇద్దరు లిఫ్టర్లు మనిషిని గాల్లోకి లేపాలి, అర సెకను తేడా వస్తే బంతి అవతలివాడిది. స్క్రమ్ (రెండు టీమ్‌ల ఫార్వర్డ్‌లు బంతి కోసం ఒకరినొకరు తోసుకునేది) కూడా అంతే, పక్కవాడి భుజం ఎంత బరువు ఇస్తుందో రోజూ కలిసి తోస్తేనే తెలుస్తుంది. వీడియో చూసి నేర్చుకునేది కాదు. పైగా నవంబర్‌లో, మళ్లీ సిక్స్ నేషన్స్ (ఆరు దేశాల టోర్నీ) అప్పుడు నేషనల్ టీమ్‌కి సెలెక్ట్ అయినవాళ్లు ఐర్లండ్ క్యాంప్‌కి వెళ్లిపోతారు, అందరూ కలిసుండే వారాలే తక్కువ, ఆ కాస్త టైమ్ కూడా రోడ్డు మీద పోగొట్టుకుంటే కోచ్ ఏం చేస్తాడు చెప్పండి. కార్క్ నుంచి లిమరిక్‌కి వచ్చే ఆ ఎన్20 రోడ్డు తెలుసుగా, బటివాంట్, చార్ల్‌విల్ ఊళ్ల మధ్యలోంచి, ముందు ట్రాక్టర్ తగిలితే అంతే సంగతులు. గంటలకొద్దీ కారులో కూర్చుని దిగిన నడుముతో స్క్రమ్‌లోకి వెళ్లమంటే ఏ ఫిజియో ఒప్పుకోడు.

పదమూడో_జెర్సీ:
2016 గురించి ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా ముఖ్యం. ఆ అక్టోబర్‌లో హెడ్ కోచ్ ఆంథనీ ఫోలీ పారిస్‌లో, రేసింగ్ 92తో మ్యాచ్ ఆడాల్సిన రోజే చనిపోయారు. ఆయన వయసు 42. వారం తిరక్కుండానే థామండ్ పార్క్‌లో గ్లాస్గోతో మ్యాచ్, ఆ రోజు ఆయన నంబర్ 8 జెర్సీ ఎవరికీ ఇవ్వలేదు, ఇరవై నిమిషాల్లోపే కీత్ ఎర్ల్స్‌కి రెడ్ కార్డ్ వచ్చి 14 మందితో ఆడి 38-17తో గెలిచారు. అదే సీజన్‌లో యూరప్ సెమీస్, ప్రో12 (సెల్టిక్ లీగ్‌కే తర్వాతి పేరు) ఫైనల్ దాకా వెళ్లారు. ఫోలీ తర్వాత టీమ్‌ని నడిపిన రాసీ ఎరాస్మస్ గొప్ప కోచ్, కాదనను, కానీ ఆ దుఃఖంలో ఉన్న కుర్రాళ్లు సగం ఒక ఊళ్లో సగం ఇంకో ఊళ్లో ఉండి ఉంటే? రోజూ పొద్దున్నే ఒకే గదిలోకి వచ్చి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం వాళ్లని నిలబెట్టిందని నేను గట్టిగా నమ్ముతాను.

నల్గొండ_టు_కార్క్:
ఫోలీ సంగతి చెప్తే నాకు గూడ మనసు భారమైతది, దానికి ఎదురు మాట్లాడ. కానీ 2023 యూఆర్‌సీ కప్ (అదే లీగ్, పేరు మారింది) తీస్కోండ్రి. సెమీస్‌ల డబ్లిన్ టీమ్ లీన్‌స్టర్ మీద 16-15, ఆఖర్ల డ్రాప్ గోల్ కొట్టిందెవరు, జాక్ క్రౌలీ, బాండన్ దిక్కు పిలగాడు. ఫైనల్ కేప్‌టౌన్‌ల స్టార్మర్స్ మీద 19-14, గెలిపిచ్చిన ట్రై (గీత అవతల బంతి పెట్టి పాయింట్లు కొట్టుడు) జాన్ హాడ్నెట్‌ది, ఆయన క్లోనకిల్టీ క్లబ్బుల ఆడి వచ్చినోడు. గావిన్ కూమ్స్ స్కిబరీన్, వైచర్లీ అన్నదమ్ములు బాంట్రీ. అందరు వెస్ట్ కార్కే! పంట పండేది ఒక కాడ, నీళ్లు వెట్టేది ఇంకో కాడ అన్నట్టుంది.

షానన్_గట్టు:
తమ్ముడూ నువ్వు చెప్పిన పేర్లే నా వాదనకి బలం. వాళ్లంతా లిమరిక్‌లో ట్రైనింగ్ చేస్తూనే కదా ఆ కప్ తెచ్చింది. కార్క్ టాలెంట్ ఎక్కడికీ పోలేదు.

లూస్‌హెడ్:
అలా అని ఆ పేర్లని వదిలేయకూడదండీ షానన్ గారూ, అందులో అసలు విషయం ఒకటుంది. వీళ్లు ఊళ్లోని చిన్న క్లబ్బుల్లో పెరిగినవాళ్లు. కార్క్ సిటీలో ప్రెజెంటేషన్ బ్రదర్స్, క్రిస్టియన్ బ్రదర్స్ లాంటి స్కూళ్లకి ఎలాగూ పేరుంది, మంచి కోచింగ్ ఉంటుంది, కానీ బాంట్రీలో పదహారేళ్ల కుర్రాడికి కార్క్ సిటీయే దూరం, లిమరిక్ గురించి ఇంక చెప్పక్కర్లేదు. సీనియర్ టీమ్‌ని మళ్లీ ముక్కలు చేయడం మాత్రం నేను ఒప్పుకోను, అది తప్పు. కావాల్సింది ఆ వయసు పిల్లలకి ఇంటికి దగ్గర్లో సరైన జిమ్, బరువులు ఎలా ఎత్తాలో నేర్పే మనిషి, వారానికి ఒకట్రెండు సాయంత్రాలు వచ్చే మన్‌స్టర్ కోచ్. సొంత బిల్డింగే ఉండాలని ఏముంది, ఏ క్లబ్బు గ్రౌండ్‌లోనో షెడ్డు వేసినా చాలు. లీన్‌స్టర్ చూడండి, సీనియర్లు యూసీడీలో (డబ్లిన్ యూనివర్సిటీ క్యాంపస్) ఒకే చోట, డానీబ్రూక్‌లో ఇంకో సెంటర్, పిల్లల్ని సీనియర్లని ఒకే తక్కెడలో వేయలేదు.

పదమూడో_జెర్సీ:
డబ్లిన్‌తో పోలిస్తే ఎలాగండీ, అక్కడ యూసీడీ నుంచి డానీబ్రూక్‌కి సైకిల్ మీద వెళ్లొచ్చు. మన్‌స్టర్ దగ్గర అంత డబ్బూ లేదు. కోచ్‌లని వెస్ట్ కార్క్‌కి పంపితే యూఎల్‌లో (యూనివర్సిటీ ఆఫ్ లిమరిక్) సీనియర్లకి ఎవరు తగ్గుతారు, దానికి జవాబు చెప్పకుండా ముందుకెళ్లలేం.

నల్గొండ_టు_కార్క్:
లూస్‌హెడ్ అన్న చెప్పినట్టు పిల్లలకు చేస్తే నాకు సీనియర్ టీమ్ లిమరిక్‌ల ఉన్నా అభ్యంతరం లేదు. కానీ ఇంకోటి గూడ కావాలె. సీజన్‌ల కొన్నిసార్లన్న టీమ్ మొత్తం కార్క్‌కొచ్చి మస్గ్రేవ్ పార్క్‌ల అందరి ముంగట ట్రైనింగ్ చెయ్యాలె, పిల్లలకు ఎంట్రీ ఫ్రీ. 2022 నవంబర్‌ల కార్క్‌ల ఉన్న పార్క్ ఈ హీవ్ స్టేడియంల మన్‌స్టర్ సౌతాఫ్రికా 'ఎ' (రెండో) టీమ్‌తోని ఆడితే 41 వేల మంది వచ్చిన్రు, గుర్తుందా? ఇంత మంది ఉన్న ఊరికి టీమ్ మ్యాచ్‌లకే వచ్చిపోతే ఎట్ల.

షానన్_గట్టు:
ఓపెన్ ట్రైనింగ్‌కి నేను రెడీ, అది న్యాయమే. పదమూడో జెర్సీ గారు అడిగిన కోచ్‌ల లెక్క మాత్రం అలాగే ఉంది. క్లబ్బు వాలంటీర్లకే యూఎల్‌లో ట్రైనింగ్ ఇచ్చి వెనక్కి పంపితే నడుస్తుందా లూస్‌హెడ్ గారూ? మీ క్లబ్బులో అలా సాయంత్రాలు ఇచ్చేవాళ్లు ఉన్నారా?

లూస్‌హెడ్:
ఉన్నారండీ, ముగ్గురు నలుగురు. గేర్ మోసేది, పిల్లల్ని కార్లో దింపేది కూడా వాళ్లే. జీతం అక్కర్లేదు గానీ పెట్రోలు ఖర్చులు, ఇన్సూరెన్స్ మన్‌స్టర్ చూసుకోవాలి, అంత మాత్రం చేస్తే రేపే వస్తారు.