18 అంగుళాల క్రాష్‌కి అంచు పగులు: రంధ్రమా, కోతా, అలాగే వదిలేయడమా?

క్రాష్‌దెబ్బ
18 అంగుళాల పల్చటి క్రాష్ (డ్రమ్ సెట్‌లో అంచు మీద గట్టిగా కొట్టే సింబల్), బి20 కంచు. పగులు అంచు నుంచి లోపలికి 22 మి.మీ. నిలువుగా వెళ్లి, అక్కడ లేత్ గీతలోకి (తయారీలో సింబల్ మీద చుట్టూ చెక్కిన గీత) తిరిగి ఇంకో 9 మి.మీ. పాకింది. మెల్లగా కొడితే తేడా తెలియదు. గట్టిగా కొడితే చివర్లో చిన్న జరజర వినిపిస్తోంది. ఒకరు చివర రంధ్రం వెయ్యమంటారు, ఒకరు నెలవంకలా కోసెయ్యమంటారు, ఇంకొకరు అసలు చెయ్యే పెట్టొద్దంటారు. ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు, ఎందుకో కూడా చెప్పండి.

ఆకురాయి
ముందు ఆ 9 మి.మీ. లెక్క నమ్మకండి. కంటికి ఆనే చివర వేరు, అసలు చివర వేరు. లేత్ గీతల మధ్య సన్నటి పగులు దాక్కుంటుంది.

కనిపెట్టడం సులువే. పగులు చుట్టూ జిడ్డు, పాలిష్ పొర పోయేలా శుభ్రం చేసి, దూదితో కిరోసిన్ రాసి పావుగంట వదిలెయ్యండి. పొడిగుడ్డతో బాగా తుడిచి, మెత్తటి చాక్‌పొడి పల్చగా చల్లి, వెనక నుంచి వేలితో తట్టండి. పగుల్లో మిగిలిన కిరోసిన్ పొడిలోకి ఊరి నల్లటి గీత తేలుతుంది. రెండో వైపు కూడా చూడాలి. పై వైపు చివర, కింది వైపు చివర ఒకేచోట ఉండాలని లేదు. ఏది దూరంగా ఉంటే అదే లెక్క.

ఆ తర్వాత నా ఓటు కోతకే. రంధ్రం వేసినా పగులు అక్కడే ఉంటుంది, దాని రెండు పెదవులూ రాసుకుంటూనే ఉంటాయి. మీకు వినిపించే జరజర అదే.

నాలుగుమిల్లీ
ఆకురాయి గారూ, పెదవులు రాసుకుంటే వాటి మధ్య సన్నటి రంపపు బ్లేడు తోలి ఒక మిల్లీమీటరు సందు చెయ్యొచ్చు. జరజర పోతుంది. దానికోసం సింబల్‌లో ముక్కే తీసేయాలా?

రంధ్రం పనిచెయ్యలేదనేవాళ్లలో చాలామంది దాన్ని తప్పుచోట వేసినవాళ్లే. పగులు చివర సరిగ్గా రంధ్రం అంచుకి తగిలేలా వేస్తారు. చివర ఇంకో అర మిల్లీమీటరు ముందుకి ఉంటే అంతా వృథా. 4 మి.మీ. రంధ్రం వేస్తుంటే దాని మధ్యబిందువు తేలిన చివరకి 1 మి.మీ. అవతల ఉండాలి. అప్పుడు చివరకి ఇవతల 1, అవతల 3 మి.మీ. రంధ్రంలో కలిసిపోతాయి.

సింబల్‌ని రెండు చెక్కముక్కల మధ్య క్లాంపుతో బిగించాలి. చేత్తో పట్టుకుని వేస్తే బిట్ అవతలికి తేలే క్షణంలో కంచుని కొరికి సింబల్‌ని గిర్రున తిప్పేస్తుంది, వేళ్లు పోతాయి. కొత్త బిట్ అయితే దాని కోసే అంచుని నూరుడు రాయితో కాస్త చదును చెయ్యండి, ఆ కొరుకుడు తగ్గుతుంది. పంచ్ పెట్టి సుత్తితో కొట్టొద్దు, పగులు పక్కనే ఇంకో దెబ్బ ఎందుకు? ముందు 1.5 మి.మీ., తర్వాత 4. వేగం తక్కువ, చేతి బరువు తక్కువ. రెండు వైపులా రంధ్రం అంచున లేచిన గరుకు తీసి, 400 నంబరు ఎమెరీ కాగితాన్ని చుట్టలా చుట్టి రంధ్రం లోపలి గోడ నున్నగా రుద్దండి. అక్కడ మిగిలిన గీరే రేపటి పగులు.

లోహం_లెక్క
ఇద్దరూ ‘పనిచేస్తుంది’, ‘చెయ్యదు’ అంటున్నారు. ఎంత పనిచేస్తుందో అంచనా వెయ్యొచ్చు. పళ్లెంలో అంచు నుంచి లోపలికి ఒక గాటు ఉంటే దాని కొన దగ్గర ఒత్తిడి సుమారు 1 + 2√(లోతు ÷ కొన వ్యాసార్థం) రెట్లు పెరుగుతుంది. పచ్చి పగులుకి కొన వ్యాసార్థం దాదాపు సున్నా, అందుకే అది ఆగదు. 22 మి.మీ. పగులు చివర 4 మి.మీ. రంధ్రం, అంటే వ్యాసార్థం 2. లెక్క ఏడున్నర రెట్ల పైనే వస్తుంది. పచ్చి పగులుతో పోలిస్తే ఎంతో మేలు, కానీ ప్రతి దెబ్బకీ ఆ చోటు మిగతా అంచు కంటే ఏడు రెట్లు నలుగుతోందన్నమాట.

అదే 26 మి.మీ. లోతు, 100 మి.మీ. వెడల్పుతో నెలవంకలా కోస్తే 1 + 2 × (26 ÷ 50), అంటే రెండు రెట్లు. ఈ సూత్రం సాగదీసే బలానికి రాసింది. సింబల్ వంగుతుంది కాబట్టి అంకె అచ్చంగా ఇదే రాదు. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది మాత్రం తారుమారు కాదు.

కాబట్టి కోసేవాళ్లకి కూడా ఒక మాట. పగులు చుట్టూ సన్నగా, వేలు పట్టేంత ‘యు’ ఆకారంలో తీస్తే రంధ్రం కంటే పెద్దగా బాగుపడేది లేదు. వెడల్పు లోతుకి దాదాపు నాలుగు రెట్లు, ఆపైన ఉండాలి.

కొలిమి
ఇంత లెక్క ఎందుకు, టిగ్ వెల్డింగ్ చేయిస్తే అతుకుతుంది కదా?

లోహం_లెక్క
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. బి20 అంటే 80 శాతం రాగి, 20 శాతం తగరం. దీన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి చల్లారుస్తారు. అలా ముంచడం వల్లే పెళుసు దశ ఏర్పడకుండా ఆగుతుంది. వెల్డింగ్ వేడి తగిలిన చోటు మళ్లీ తీరిగ్గా చల్లారితే, 520 డిగ్రీల దగ్గర ఆ పెళుసు దశ పుట్టుకొస్తుంది. అతుకు నిలిచినా దాని పక్కన కొత్త పగులు వస్తుంది. బి8 అనే ఇంకో సింబల్ కంచులో తగరం 8 శాతమే కాబట్టి ఈ బాధ లేదు. కానీ రేకుని రోలర్ల కింద సాగదీసినప్పుడు వచ్చిన గట్టిదనం వేడికి పోయి ఆ మేర మెత్తబడుతుంది, మోత చచ్చిపోతుంది. ఎపాక్సీ, సూపర్ గ్లూ గురించి ఎవరూ అడక్కముందే చెబుతున్నా: నాలుగు దెబ్బలు కూడా ఆగవు.

చెయ్యిపెట్టకు
మీ ముగ్గురూ సింబల్‌ని బ్రతికించడం గురించే మాట్లాడుతున్నారు, అది మోగే తీరు గురించి ఒక్కరూ అనలేదు. 100 మి.మీ. వెడల్పు ముక్క తీశాక అది పాత క్రాష్ కాదు. మోత పొడిబారుతుంది, తోక పొట్టిదవుతుంది. జరజర వచ్చినా పర్వాలేదనుకునే చోటు ఒకటుంది: స్టాక్. దీనిమీద 14 లేదా 16 అంగుళాల చైనా (అంచు వెనక్కి తిరిగిన గరగర సింబల్) బోర్లించి బిగిస్తే రెండూ ఎలాగూ గరగరలాడేవే, పగులు మోత అందులో కలిసిపోతుంది. కోయడానికి తొందరేముంది? కోసింది వెనక్కి రాదు. వారంటీ గడువు మిగిలి ఉంటే మరీను, ఒక్క రంధ్రం పడ్డాక ఏ కంపెనీ మాట వినదు.

ఆకురాయి
వారంటీ మాట నిజం, డ్రిల్ ముట్టుకోకముందే అడగాలి. అంచు పగులుని కొట్టే తీరు తప్పు కింద రాసేసే అవకాశమే ఎక్కువ, అది వేరే సంగతి.

మోత గురించి మాత్రం అతి చేస్తున్నారు. 26 × 100 నెలవంక వైశాల్యం 18 అంగుళాల సింబల్‌లో ఒకటింపావు శాతం. వినేవాళ్లలో సగం మంది పట్టలేరు. మోత నిజంగా మారిపోయేది చుట్టూతా ఒక అంగుళం తీసి 16 చేసినప్పుడు. అప్పుడు ఐదో వంతు లోహం పోతుంది. పైగా క్రాష్ అంచు దగ్గరే పల్చన. ఆ పల్చటి వలయం పోయి మందపాటి చోటు కొత్త అంచవుతుంది. స్వరం పైకి లేస్తుంది, క్రాష్ అనాల్సింది టాంగ్ అంటుంది. ఆ దారి ఎవరికీ చెప్పను.

క్రాష్‌దెబ్బ
చాక్‌పొడి పరీక్ష అయింది. గీతలోకి తిరిగిన భాగం 9 కాదు, 14 మి.మీ. అదీ కింది వైపునే. పై వైపు ఇంకా 9 దగ్గరే ఉంది. మాట మారుతుందా?

నాలుగుమిల్లీ
మారుతుంది. గీత వెంబడి నడిచే పగులుకి గీతే కాలువ. అక్కడ లోహం పల్చగా ఉంటుంది, గాటు ముందే తయారుగా ఉంటుంది. రంధ్రం అవతల కూడా అదే గీత కొనసాగుతుంది కాబట్టి రంధ్రం గోడ నుంచి మళ్లీ బయలుదేరొచ్చు. మీ సింబల్ వరకూ కోతకి ఒప్పుకుంటున్నా. కానీ పగులు అంచు దాకా రాకుండా బో (నడిమి గుబ్బ అయిన బెల్‌కీ అంచుకీ మధ్య భాగం) మధ్యలో, అంచుకి 70 మి.మీ. లోపల ఉంటే ఆకురాయి గారు ఏం కోస్తారు? అక్కడ రెండు చివర్లా రెండు రంధ్రాలే గతి.

ఆకురాయి
అక్కడ రంధ్రాలే, వాదం లేదు.

క్రాష్‌దెబ్బ గారూ, మీ దానికి: కిందవైపు 14 మి.మీ. చివరకి ఇంకో 4 మి.మీ. కలుపుకుని, లోతు 26 ఉండేలా గీయండి. పగులు ఒక పక్కకి పాకింది కాబట్టి నెలవంక మధ్యభాగం నిలువు పగులు మీద కాకుండా ఆ పాకిన మేరకి నడిమధ్య ఉండాలి. పగులు చివర నెలవంక వంపులోకి కాకుండా అడుగు చదును భాగంలోకి రావాలి. వెడల్పు 120 చెయ్యండి. అట్ట మీద సగం గీసి మడిచి కత్తిరిస్తే రెండు వైపులా సమంగా వస్తుంది. దాన్ని టేపు మీద పెట్టి గుర్తు గీసుకోండి.

రేకు కత్తెర వద్దు, అది అంచుని మడతపెడుతుంది, బి20 అయితే అక్కడే విరుగుతుంది. చేతి గ్రైండరుకి పల్చటి కోత చక్రం వేసి, గీతకి 2 మి.మీ. బయట కోసి, మిగిలింది అర్ధచంద్రాకారపు ఆకురాయితో గీత దాకా దించండి. పది సెకన్లకోసారి తడిగుడ్డ. రంగు మారిందంటే చాలా ఆలస్యమైనట్టు. నెలవంక పాత అంచుని కలిసే రెండు మూలలూ గుండ్రంగా తీయడం మర్చిపోతారు. కొత్త పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి, స్టిక్ కూడా అక్కడే చీలుతుంది. తర్వాత 240, 400, 600 కాగితాలు, అంచు పొడవునా రుద్దాలి గానీ అడ్డంగా కాదు. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి, కంచు పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. అయ్యాక మళ్లీ కిరోసిన్, చాక్‌పొడి. గీత తేలితే ఇంకో 3 మి.మీ. దింపడమే.

చెయ్యిపెట్టకు
కోశాక కూడా అదే తీరుగా కొడితే? ఆ పగులు ఎందుకొచ్చిందో ఒక్కరూ అడగలేదు.

లోహం_లెక్క
అంచుకి నిలువుగా వచ్చే పగులుకి మామూలు కారణం, స్టిక్ నడుము నేరుగా అంచుని నరకడం. సింబల్‌ని మీవైపు కాస్త వంచి, దెబ్బని తగిలించి పక్కకి జార్చాలి. రెండోది వింగ్ నట్, స్టాండు మీద సింబల్‌ని పట్టి ఉంచే రెక్కల నట్. దాని కింది మెత్త, అంటే పై ఫెల్ట్‌ని నలిపేసేంత బిగిస్తే సింబల్ ఊగలేదు, ఊపులో పోవాల్సిన శక్తంతా వంపుగా మారి లోహంలోనే మిగులుతుంది. బెల్ రంధ్రం తాళంచెవి కన్నంలా సాగి ఉందేమో చూడండి. సాగి ఉంటే స్లీవ్ (స్టాండు కడ్డీకి తొడిగే గొట్టం) లేకుండా ఇనుము మీద రాసుకుందన్నమాట.

కోతలో ఒక లాభం ఎవరూ అనలేదు. ముక్క తీసిన వైపు తేలికవుతుంది. సింబల్ వాలుగా ఉండి, నట్ వదులుగా ఉంటే బరువు వైపు దానంతటదే కిందికి తిరిగి మీకు ఎదురొస్తుంది, కోసిన వైపు పైకి, దెబ్బకి దూరంగా పోతుంది. బల్లపరుపుగా పెడితే ఆ లాభం లేదు.

క్రాష్‌దెబ్బ
బెల్ రంధ్రం గుండ్రంగానే ఉంది. నట్ మాత్రం బిగుతే. అట్ట కత్తిరిస్తున్నా, 120 వెడల్పు.