బెంగళూరులో తక్కువ ధరకు పెడల్ స్టీల్ గిటార్: కొనే ముందు ఏం చూడాలి?

మారతహళ్లి_మీటు

నమస్కారం అందరికీ. ఇందిరానగర్‌లో ఒకాయన దగ్గర పెడల్ స్టీల్ గిటార్ (కాళ్ల మీద నిలబెట్టి, తీగల మీద లోహపు బార్ జరుపుతూ, పెడళ్లతో శ్రుతి మారుస్తూ వాయించేది) అమ్మకానికి ఉంది. 10 తీగలు, ఇ9 ట్యూనింగ్ (ఇ మేజర్ చుట్టూ కట్టిన శ్రుతి), 3 పెడళ్లు, 4 మోకాలి లివర్లు. నేర్చుకునేవాళ్ల కోసం చేసిన మోడల్. కేసు ఇస్తున్నారు, బార్ లేదు, వాల్యూమ్ పెడల్ లేదు. అడుగుతున్నది లక్షా పది వేలు. అన్నీ కలిపి లక్షన్నర దాటకూడదని నా లెక్క.

మామూలు గిటార్ వాయిస్తాను, ఇది మాత్రం పూర్తిగా కొత్త. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. ఏది పాడైతే బాగు చేయించుకోవచ్చు, ఏది పాడైతే దండం పెట్టి వచ్చేయాలి? తీగలు ఇక్కడ దొరుకుతాయా?

రోలర్_నట్

పైన మెరుపు చూడకండి, తలకిందులుగా పెట్టించి అడుగు చూడండి. ఈ వాయిద్యం సగం గిటార్ అయితే సగం యంత్రం. డబ్బు పెట్టేది ఆ యంత్రానికే.

ముందు పుల్ రాడ్లు (పెడల్, లివర్ కదలికని తీగ దాకా చేర్చే సన్నటి కడ్డీలు) లెక్కపెట్టండి. ఎ పెడల్ 5, 10 తీగల్ని బి నుంచి సి షార్ప్‌కి లాగాలి. బి పెడల్ 3, 6 తీగల్ని జి షార్ప్ నుంచి ఎ కి. సి పెడల్ 4వ తీగని ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కి, 5వ తీగని బి నుంచి సి షార్ప్‌కి. లివర్లలో ఒకటి 4, 8 తీగల్ని ఇ నుంచి ఎఫ్‌కి పెంచాలి, ఇంకొకటి అవే తీగల్ని డి షార్ప్‌కి దించాలి, మూడోది 2, 9 తీగల్ని దించాలి. ఒక్కోదానికి రెండు చొప్పున కనీసం 12 రాడ్లు. నాలుగో లివర్ ఏం చేస్తుందన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, దాని గురించి పట్టుబట్టక్కర్లేదు. ఇ ని పెంచే లివర్, దించే లివర్ మాత్రం రెండూ ఉండి తీరాలి. 3 పెడళ్లు, ఒకే లివర్ ఉన్న పాత మోడళ్లు చవగ్గా వస్తాయి కానీ నేర్చుకునే పాఠాల్లో సగం వాటి మీద వాయించలేరు.

తర్వాత ఛేంజర్, అంటే తీగల శ్రుతి మార్చే భాగం. కుడి చివర తీగలు వంగే అల్యూమినియం ఫింగర్ల మీద వేలు పెట్టి రాయండి. సన్నటి గీత తగిలితే పర్లేదు, 1000, 2000 నంబరు ఎమరీ కాగితంతో పోతుంది. గోరు ఇరుక్కునేంత గాడి పడితే ధర తగ్గించమనండి. ఫింగర్ విరిగినా, ఇరుసు వంగినా వచ్చేయండి. విడిభాగం అమెరికా నుంచి రప్పించాలి, ఆ కంపెనీ మూతపడి ఉంటే అదీ లేదు. పెడల్ రాడ్, కాలు, లివర్ బుష్ లాంటివైతే పీణ్యలో ఏ లేత్ షాపులోనైనా చేస్తారు, వాటికి భయపడొద్దు.

ఇక అసలు పరీక్ష. వైరు పెట్టే ట్యూనర్ తీసుకెళ్లండి, క్లిప్ ట్యూనర్ సరిగా పట్టదు. 4వ తీగ మీటి మీటర్ చూడండి. మీటుతూనే ఎ, బి పెడళ్లు రెండూ కలిపి తొక్కండి. ఆ పెడళ్లకు 4వ తీగతో సంబంధమే లేదు, అయినా శ్రుతి కొంచెం దిగుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, నాలుగు తీగల బిగువు ఒక్కసారి పెరిగేసరికి బాడీ వంగుతుంది. 3 నుంచి 6 సెంట్ల (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) దాకా సహజం. 10 దాటితే బాడీలోనో దాని చివరి లోహపు పలక (ఎండ్ ప్లేట్) దగ్గరో వదులు ఉంది, ఎంత చవగ్గా ఇచ్చినా ఆ తలనొప్పి మనకొద్దు.

ప్రతి పెడల్, ప్రతి లివర్ పదేసి సార్లు తొక్కి వదిలి, ఖాళీ తీగ మొదటి శ్రుతికి వచ్చిందో లేదో కూడా చూడండి. ఒకటి రెండు సెంట్ల తేడా నూనెతో పోతుంది.

జయనగర్_స్ట్రింగ్స్

స్ట్రింగ్స్ సంగతి నేను చెప్తా. ఇ9 సెట్టు అని అడిగితే ఇక్కడి షాపుల్లో దొరకడం కష్టం, కానీ విడిగా కూర్చుకోవచ్చు. 1 నుంచి 10 దాకా గేజ్‌లు (తీగ మందం, అంగుళాల్లో) ఇవి: 0.013, 0.015, 0.011, 0.014, 0.017, 0.020, తర్వాత చుట్టు ఉన్నవి 0.026, 0.030, 0.034, 0.038. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ 11–49 సెట్టులో 0.011, 0.014, 0.038 ఉంటాయి. 10–46 సెట్టులో 0.013, 0.017, 0.026. 10–52 సెట్టులో 0.030. ఏడు అక్కడే వచ్చేశాయి. 0.034 బదులు 10–46 లోని 0.036 వేసినా 9వ స్ట్రింగ్ పనిచేస్తుంది, కాస్త గట్టిగా ఉంటుంది అంతే. 0.015, 0.020 మాత్రం విడిగా తెప్పించుకోండి. 6వది చుట్టు లేనిదే కావాలి. చుట్టు ఉన్నది వేస్తే బి పెడల్ లెక్క అంతా మారిపోతుంది. అకౌస్టిక్ గిటార్ బ్రాంజ్ స్ట్రింగ్స్ వద్దు, పికప్ వాటిని సరిగా పట్టుకోదు.

ఎక్కువ తెగేది 3వ స్ట్రింగ్. 24 అంగుళాల స్కేల్ మీద 0.011 తీగని జి షార్ప్‌కి బిగిస్తే సుమారు 12న్నర కిలోల బిగువు, బి పెడల్ తొక్కితే 14. ఆ సన్నటి ఉక్కు తట్టుకునే హద్దు దానికి ఎంతో దూరం లేదు. అందరూ చేసే పని 0.012 వేయడం. దానివల్ల లాభం లేదు. తీగ లావెక్కితే బిగువూ అంతే పెరుగుతుంది, ఒక చదరపు మిల్లీమీటరు మీద పడే భారం అలాగే ఉంటుంది. ఆ భారం స్కేల్ పొడవు, స్వరం ఈ రెంటి మీదే ఆధారపడుతుంది. కాబట్టి 0.011 లు అరడజను కొని పెట్టుకోండి, ఫింగర్‌ని నున్నగా ఉంచండి.

తాళం_లేదు

ఒక మాట అడ్డం చెప్తా, ఏమనుకోకండి. మొదటి వాయిద్యానికే లక్షా పది వేలు ఎందుకండీ? 6 తీగల ల్యాప్ స్టీల్ (పెడళ్లు లేకుండా ఒడిలో పెట్టుకుని బార్‌తో వాయించే గిటార్) తీసుకుని, కింది నుంచి సి, ఇ, జి, ఎ, సి, ఇ అని సి6 కి శ్రుతి చేసుకుంటే బార్ నిలకడ, అక్కర్లేని తీగ మోగకుండా ఆపడం, వైబ్రాటో అన్నీ వచ్చేస్తాయి. కోల్‌కతాలో హవాయన్ గిటార్‌కి పెద్ద సంప్రదాయమే ఉంది, సునీల్ గంగూలీ వాయించింది అదే. అక్కడి నుంచి పాత ఎలక్ట్రిక్ హవాయన్ గిటార్లు వస్తూనే ఉంటాయి. పెడళ్లు లేకపోతే పాడయ్యేదీ తక్కువే.

రోలర్_నట్

బార్ వరకు మీ మాట నిజమే. కానీ పెడల్ స్టీల్ కష్టం చేతుల్లో సగమే, మిగతా సగం కాళ్లలో ఉంది. ఎడమ పాదం ఎ, బి మీద, కుడి పాదం వాల్యూమ్ మీద, రెండు మోకాళ్లు లివర్ల మీద. అది ల్యాప్ స్టీల్ నేర్పదు. పెడల్ శబ్దం కోసమే మనసు పడ్డవాళ్లు ల్యాప్ స్టీల్ కొని ఏడాదిలోపే అమ్మేసుకుంటారు. హవాయన్ పాటలూ పాత సినిమా పాటలూ మాత్రమే కావాలంటే మాత్రం తాళం_లేదు గారు చెప్పిందే చేయండి.

మిగతా సామాను: బార్ 7/8 అంగుళం మందం, 3 1/4 అంగుళాల పొడవు. కొనలేకపోతే 22 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రాడ్డు ముక్కని లేత్ మీద ఒక కొన గుండ్రంగా తిప్పించి, అద్దంలా బఫింగ్ చేయించండి. పావు కిలోకి కాస్త తక్కువ తూగుతుంది. బఫింగ్‌లో చిన్న గీత మిగిలినా తీగ మీద జరిపినప్పుడల్లా బుస వినిపిస్తుంది, కాబట్టి లేత్ మీద ఆకారం కుదిరిందని ఆగిపోకండి. ప్లాస్టిక్ బొటనవేలి పిక్ ఒకటి, లోహపు ఫింగర్ పిక్‌లు రెండు. వాల్యూమ్ పెడల్‌లో 500 కిలో ఓముల పాట్ (శబ్దం పెంచే తగ్గించే పొటెన్షియోమీటర్) ఉండాలి. స్టీల్ పికప్‌లు 15 నుంచి 20 కిలో ఓములు ఉంటాయి, 250 పాట్ వేస్తే పై స్వరాలు మందగిస్తాయి. పాత పెడల్ దొరికితే పాట్ ఒక్కటీ ఎస్.పి. రోడ్డులో కొని మార్చుకోవచ్చు. ఆంప్ కోసం ఇప్పుడే ఖర్చు పెట్టకండి, ఇంట్లో కీబోర్డ్ ఆంప్ సరిపోతుంది. చిన్న గిటార్ ఆంప్ అయితే వాల్యూమ్ పెడల్ నొక్కగానే చిట్లుతుంది.

మారతహళ్లి_మీటు

చూసొచ్చాను, లక్షకి ఒప్పుకున్నారు, తెచ్చేశాను. రాడ్లు 14 ఉన్నాయి. ఎ, బి కలిపి తొక్కితే 4వ తీగ 6 సెంట్లు దిగుతోంది. ఇవీ ఇబ్బందులు: ఎ పెడల్ వదిలాక 5వ తీగ 5 సెంట్లు పైనే ఉండిపోతోంది. బి పెడల్ తొక్కితే 6వ తీగ ఎ కి వస్తోంది, 3వది మాత్రం 15 సెంట్లు తక్కువ దగ్గరే ఆగిపోతోంది, దాని రాడ్ చివర శ్రుతి సరిచేసే నైలాన్ నట్ ఇక తిరగడం లేదు. 3 మిల్లీమీటర్ల అలెన్ కీ కూడా స్క్రూల్లో జారుతోంది.

రోలర్_నట్

ముందు ఆ అలెన్ కీ పక్కన పడేయండి. అమెరికన్ సామాను అంతా అంగుళాల్లో ఉంటుంది. 1/8 అంగుళం అంటే 3.175 మిల్లీమీటర్లు, 3 పెడితే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది. నైలాన్ నట్లు సాధారణంగా 3/16, అంటే 4.76. 5 మిల్లీమీటర్ల పానా వాటిని ఇంకా త్వరగా తినేస్తుంది. ఎస్.పి. రోడ్డులో అంగుళాల సెట్ అని గట్టిగా చెప్పి అడగండి.

5వ తీగకి రెండు రాడ్లున్నాయని గుర్తుపెట్టుకోండి, ఒకటి ఎ పెడల్‌ది, ఇంకొకటి సి పెడల్‌ది. ఏ ఒక్కటి బిగుసుకున్నా ఫింగర్ పూర్తిగా వెనక్కి పడదు. రెండు నైలాన్ నట్లూ రెండేసి చుట్లు వదులు చేసి, ఖాళీ తీగని కీహెడ్ (తీగలు బిగించే మరలున్న ఎడమ చివర) దగ్గర బి కి శ్రుతి చేయండి. అప్పుడు ఎ తొక్కి పట్టుకుని దాని నైలాన్‌ని సి షార్ప్‌కి తిప్పండి, తర్వాత సి పెడల్‌ది. వదిలినప్పుడు రాడ్‌ని వేలితో కదిపితే ఒక వెంట్రుకంత ఆట ఉండాలి. అప్పటికీ శ్రుతి పైనే ఉంటే ఫింగర్ల ఇరుసు మీద కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క, కీహెడ్ వైపు తీగ ఆనే రోలర్ మీద ఒక్క చుక్క. ఎక్కువ పోస్తే బెంగళూరు దుమ్ము కలిసి ముద్దవుతుంది.

3వ తీగకి పెడల్ ప్రయాణం చాలడం లేదు. 6వ తీగ దానికి ఒక స్థాయి (ఆక్టేవ్) కింద ఉంది, బిగువు భారం తక్కువ, కాబట్టి అర స్వరం పెరగడానికి చాలా కొంచెం లాగితే చాలు. 3వది ఎక్కువ లాగాలి. బి పెడల్ ఎక్కడ ఆగాలో నిర్ణయించే స్టాప్ స్క్రూని వెనక్కి తిప్పి పెడల్ ఇంకాస్త కిందికి వెళ్లేలా చేయండి. 3వ తీగ నైలాన్‌ని ఇక లోపలికి బిగించకండి, ఖాళీ తీగ పాడవుతుంది. స్టాప్ మార్చినా చాలకపోతే అడుగున ఆ తీగ రాడ్‌ని బెల్‌క్రాంక్‌లో (పెడల్ తొక్కితే తిరిగే అడ్డ కడ్డీ, అంటే క్రాస్ షాఫ్ట్, మీద ఉండి రాడ్‌ని లాగే చిన్న పలక) క్రాస్ షాఫ్ట్‌కి దూరంగా ఉన్న రంధ్రంలోకి మార్చండి. పెడల్ బరువెక్కుతుంది, ప్రయాణం తగ్గుతుంది.

జయనగర్_స్ట్రింగ్స్

స్టాప్ తిప్పే ముందు 3వ స్ట్రింగ్ కొత్తది వేయండి, పాతదాని మీద సర్దుబాటు చేస్తే తెగగానే మళ్లీ మొదటికే వస్తారు.

శ్రుతి గురించి ఇంకోటి. మీటర్ సున్నాకి అన్నీ పెడితే జి షార్ప్ పదునుగా వినిపిస్తుంది. ఇ షడ్జమం అనుకుంటే జి షార్ప్ అంతర గాంధారం, చెవికి నచ్చే చోటు మీటర్ కంటే సుమారు 14 సెంట్లు కింద. ఇ ని 2, 3 సెంట్లు పైకి పెట్టండి, పెడళ్లు తొక్కినప్పుడు దిగే 6 సెంట్లని ఖాళీ స్థితి, తొక్కిన స్థితి రెండూ పంచుకుంటాయి. ఎఫ్ లివర్ (ఇ ని ఎఫ్‌కి పెంచేది) మీద ఎఫ్ 20 సెంట్లకు పైగా తక్కువ చూపించినా కంగారు పడొద్దు, అది ఎ పెడల్‌తో కలిసినప్పుడు గాంధారమే.

మొదటి వారం జి ఒక్కటే పట్టుకోండి: 3వ గీత (ఫ్రెట్) దగ్గర ఖాళీగా, 6 దగ్గర ఎ పెడల్, ఎఫ్ లివర్ కలిపి, 10 దగ్గర ఎ, బి కలిపి. మూడు చోట్లా అదే జి మేజర్. బార్ గీతకి సరిగ్గా పైన ఉండాలి, పక్కనుంచి చూస్తే తప్పు చూపిస్తుంది.

మారతహళ్లి_మీటు

కొత్త 0.011 వేసి స్టాప్ ముప్పావు చుట్టు వెనక్కి తిప్పాను, 3వది ఎ కి వచ్చింది. ఇప్పుడు 6వది 20 సెంట్లు పైకి పోతోంది.

రోలర్_నట్

పోవాలి. పెడల్ ప్రయాణం పెరిగింది కదా. బి తొక్కి పట్టుకుని 6వ తీగ నైలాన్‌ని ఎ వచ్చేదాకా వదులు చేయండి. ఎప్పుడు సరిచేసినా ముందు 3, తర్వాత 6. అది అయ్యాక ఎ, బి కలిపి తొక్కి 4వ తీగ ఇంకోసారి చూసుకోండి. నున్నటి టైల్స్ మీద అయితే కాళ్ల కింద, పెడళ్ల కింద ఒకే చాప వేయండి. గిటార్ ముందుకు జారితే మోకాలి లివర్ల దూరాలు మారిపోతాయి.