డాలస్ దగ్గర మిడిల్ స్కూల్: రేటింగ్ 5 ఉంటే వద్దనుకోవాలా?

కొత్తగా_టెక్సాస్:
అందరికీ నమస్తే. జులైలో హైదరాబాద్ నుంచి ఇర్వింగ్ వస్తున్నాం, మా వాడు ఆగస్టులో ఆరో తరగతిలో చేరాలి. ఆఫీసుకి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్ చూశాం, అద్దె మా బడ్జెట్‌లోనే ఉంది, కానీ ఆ అడ్రస్‌కి వచ్చే మిడిల్ స్కూల్‌కి గ్రేట్‌స్కూల్స్ అనే రేటింగ్ సైట్‌లో 10కి 5 ఇచ్చారు. పిల్లల్లో హిస్పానిక్ వాళ్లే ఎక్కువ, సగానికి పైగా ఎకనమికల్లీ డిసడ్వాంటేజ్డ్, అంటే తక్కువ ఆదాయం ఇళ్ల పిల్లలు అని చూపిస్తోంది. ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే పాట, ఫ్రిస్కో వెళ్లిపో లేదంటే కొప్పెల్ అని. ఫ్రిస్కో అంటే అద్దె పెరుగుతుంది, రోజూ డ్రైవింగూ పెరుగుతుంది. నిజంగా 5 అంటే అక్కడ చదువు చెప్పరనేనా? మా ఆవిడకైతే ఒకటే టెన్షన్.

పాతకాపు:
ముందు ఆ అపార్ట్‌మెంట్ ఏ ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) కిందికి వస్తుందో చూసుకోండి. ఇర్వింగ్ అడ్రస్ అయినంత మాత్రాన ఇర్వింగ్ ఐఎస్‌డీ అవ్వాలని లేదు. వ్యాలీ రాంచ్ వైపు కొన్ని ఇళ్లు కొప్పెల్‌కి వెళ్తాయి, కొన్ని క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్‌కి. లీజింగ్ ఆఫీసులో చెప్పిన మాట నమ్మొద్దు, డిస్ట్రిక్ట్ సైట్‌లో అడ్రస్ కొట్టి చూశాకే సంతకం పెట్టండి.

ఇక రేటింగ్ సంగతి. 5 వచ్చిందంటే టీచర్లు సగం పాఠమే చెప్తున్నారని కాదు. స్టార్ (టెక్సాస్ రాష్ట్రం పెట్టే పరీక్ష)లో స్కూల్ సగటు చాలావరకు ఇంటి ఆదాయాన్ని బట్టే ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ మాస్టర్స్ చేసి, సాయంత్రం దగ్గర కూర్చోబెట్టి లెక్కలు చేయించి, అది చాలదన్నట్టు కుమాన్ ట్యూషన్‌కి కూడా పంపే ఇళ్ల పిల్లలు ఎక్కువుంటే ఏ స్కూల్‌కైనా 9 వస్తుంది. ఆ 9లో స్కూల్ గొప్ప ఎంత, మన కుమాన్ ఫీజు గొప్ప ఎంత అనేది ఆ అంకె చెప్పదు.

గ్రేట్‌స్కూల్స్ పక్కన పెట్టి టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ స్కూళ్ల పనితీరు మీద వేసే టీఏపీఆర్ రిపోర్టు తీయండి, ప్రతి స్కూల్‌కీ ఉంటుంది. అందులో స్టార్ ఫలితాలకి కింది నుంచి పైకి అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని మూడు మెట్లుంటాయి. అప్రోచెస్ దాటితే పాస్ అయినట్టే, కాబట్టి ఆ శాతం చూసి మురిసిపోవద్దు, మిగతా రెండూ చూడండి. అదీ మొత్తం స్కూల్‌దే కాకుండా ఎవరి వరస వాళ్లకి విడిగా ఇస్తారు: ఆసియన్, హిస్పానిక్, డిసడ్వాంటేజ్డ్, స్పెషల్ ఎడ్, అలా. మీ వాడిలాంటి పిల్లలు అక్కడ ఎలా చేస్తున్నారో ఆ వరసలో తెలుస్తుంది. మరీ కొద్దిమందే ఉంటే మాత్రం అంకె బదులు నక్షత్రం గుర్తు (*) పెడతారు.

ఒక చోట చాలామంది బోల్తా పడతారు. ఎనిమిదో తరగతి మ్యాథ్స్ ఫలితం. బాగా చేసే పిల్లలు ఎనిమిదిలోనే ఆల్జీబ్రా 1 తీసుకుంటారు, వాళ్లు ఎనిమిదో తరగతి మ్యాథ్స్ స్టార్ రాయరు, ఆల్జీబ్రా పరీక్షే రాస్తారు. చురుకైన వాళ్లంతా అటు పోయాక మిగిలినవాళ్ల మార్కులు ఆ వరసలో కనపడతాయి, దాన్ని చూసి 'అమ్మో ఇంత ఘోరమా' అనుకుంటారు. ఆల్జీబ్రా వరస కూడా కలిపి చూడండి.

ఫ్రిస్కో_అమ్మ:
పాతకాపు గారు చెప్పింది కాగితం మీద బాగుంది కానీ పిల్లల స్నేహాలు అనేదొకటి ఉంటుంది కదండీ. మేం కావాలనే ఇక్కడికి వచ్చాం, రోబోటిక్స్, ఆర్కెస్ట్రా, మ్యాథ్‌కౌంట్స్ లెక్కల పోటీలు అన్నీ ఉన్నాయి, పాప చుట్టూ చదువు మీద ధ్యాస ఉన్న పిల్లలే. అయితే ఇంకోవైపు కూడా చెప్పాలి. ఏడో తరగతి పిల్ల 96 వచ్చిందని ఏడుస్తుంది, ఎందుకంటే పక్క సీటు పిల్లకి 99. పుట్టినరోజు పార్టీలో కూడా తల్లులు 'మీ అమ్మాయి ఏ మ్యాథ్‌లో ఉంది' అనే అడుగుతారు. అది తట్టుకునే పిల్లలకైతే ఫ్రిస్కో మంచిదే.

పాతకాపు:
స్నేహాల మాట ఒప్పుకుంటా. కానీ ఉచిత లంచ్ తినే పిల్లాడికి చదువు మీద ధ్యాస ఉండదని ఎవరన్నారు? మనలో సగం మంది మధ్యాహ్న భోజనం తిని వచ్చినవాళ్లమే.

రెండు_బ్యాక్‌ప్యాక్‌లు:
ఆ రిపోర్టులోనే మొబిలిటీ రేట్ అని ఒకటుంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఏడాదిలో 83 శాతం కంటే తక్కువ కాలం ఆ స్కూల్లో ఉన్న పిల్లల లెక్క అది. ఎక్కువుంటే ఏడాది పొడుగునా పిల్లలు వస్తూ పోతూ ఉన్నారని అర్థం, టీచర్‌కి మళ్లీ మొదటికే వస్తుంది. లీజు అయిపోగానే ఇల్లు మారే మన ఐటీ వాళ్లు కూడా అందులో ఉంటారనుకోండి.

ఇంకోటి, చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే బాబుకి ఇంగ్లిష్ టెస్ట్ పెడతారు. దానికి భయపడి చాలామంది ఇంగ్లిష్ అని రాసేస్తారు, అక్కర్లేదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినా ఇక్కడి యాసకి అలవాటు పడటానికి టైం పట్టే పిల్లలుంటారు, అవసరమైతే ఆ సాయం అందనివ్వండి.

కొత్తగా_టెక్సాస్:
చాలా థాంక్స్ అండీ. రిపోర్టు తీశాం. మొత్తం స్కూల్ మీట్స్ తక్కువే కానీ ఆసియన్ వరస బాగుంది, ఆల్జీబ్రా రాసినవాళ్లు దాదాపు అందరూ పాస్. మా వాడికి మ్యాథ్స్ ఇష్టం, అడ్వాన్స్‌డ్ క్లాసులో వేస్తారా?

పాతకాపు:
అదే అడగాల్సిన ప్రశ్న. 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఐదో తరగతి మ్యాథ్స్ స్టార్‌లో పై 40 శాతంలో ఉన్నవాళ్లని ఆరులో అడ్వాన్స్‌డ్ మ్యాథ్‌లో స్కూలే వేయాలి, తల్లిదండ్రులు వద్దంటే తప్ప. మీ వాడికి స్టార్ స్కోరే ఉండదు కాబట్టి దానంతటది జరగదు. స్కూళ్లు తెరిచే ముందే స్కూల్ కౌన్సిలర్‌కి మెయిల్ పెట్టి ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉందా అని అడగండి, హైదరాబాద్ స్కూల్ ప్రోగ్రెస్ కార్డులు జత చేయండి. జవాబు రాకపోతే ఫోన్ చేయండి. ఒకసారి రెగ్యులర్‌లో పడితే మధ్యలో మార్చుకోవడం పెద్ద తలనొప్పి. టీకాల కాగితాలు కూడా హ్యాండ్ బ్యాగేజ్‌లోనే పెట్టుకోండి, అవి లేకపోతే అడ్మిషన్ ఆగిపోతుంది.