సమస్య: చచ్చి యింటికి నడచెను సంతసమున

ఈ వారపు సమస్య తేటగీతి అనే పద్యంలో నాలుగవ పాదం; ముందు మూడు పాదాలు కూర్చి, వింతగా తోచే ఈ పాదానికి అర్థం కుదర్చడమే పూరణ. సభ్యుల పూరణలు, వాటిపై నా విమర్శ కింద ఉన్నాయి. ఏళ్ల తరబడి సాగిన టెలివిజన్ ధారావాహికలో ఒకే పాత్రను పోషించిన నటుడు లేదా నటి ఆ పాత్రకు వీడ్కోలు పలికే సందర్భంలో దీనిని పూరించాలి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు ఉండాలి, పాదం మొదటి అక్షరంతో నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి (అక్షరమైత్రి) కుదరాలి. ఇచ్చిన పాదంలో చకారానికి సకారంతో యతి చెల్లింది. "చచ్చి" క్త్వార్థకం (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియ) కనుక దాని ఇకారానికి సంధి లేక యడాగమం వచ్చింది, అంటే నడుమ యకారం చేరింది. క్రియ "నడచెను" కాబట్టి కర్త స్త్రీ అయినా పురుషుడైనా ఇబ్బంది లేదు. చావును నటనగా చూపించడం సులువు. "సంతసమున" అన్న మాటకు నమ్మదగిన కారణం చూపించడమే అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

మొదటి పూరణ

పదియు నెనిమిది యేండ్లుగాఁ బాత్రఁ దాల్చి
చివరి దృశ్యానఁ గనుమూసి చేష్టలుడిగి
కట్టనఁగ లేచి నవ్వుచు గాలి పీల్చి
చచ్చి యింటికి నడచెను సంతసమున

విమర్శ: ఆర్యా, యతులన్నీ నిర్దుష్టంగా ఉన్నాయి. దర్శకుడు "కట్" అనడాన్ని "కట్టనఁగ" అని పద్యంలో ఇమిడ్చిన తీరు సహజంగా ఉంది. కానీ క్త్వార్థకాలు జరిగిన వరుసలో నడవాలి. మీ పద్యంలో అతడు లేచి, గాలి పీల్చి, ఆ తరువాత చచ్చి, ఇంటికి నడిచాడు. కర్త కూడా ఎక్కడా లేడు. సందర్భం తెలియని పాఠకుడి చేతికి పద్యం ఒక్కటే అందితే అతడికి నటుడు కనిపించడు. అన్నిటికంటే పెద్ద లోపం మరొకటి ఉంది: పద్దెనిమిదేళ్లు మోసిన పాత్రను వదలడంలో సంతోషమెందుకో మీరు చెప్పలేదు.

రెండవ పూరణ

దుష్టపాత్రకు వీధుల దూషణములు
నటికిఁ దగులఁగ నేండ్లుగా నలిగి నలిగి
పాత్రతోఁబాటె నిందయుఁ బాసిపోవ
చచ్చి యింటికి నడచెను సంతసమున

విమర్శ: సోదరీ, సంతోషానికి మీరు చూపిన కారణం బలమైనది. రోజూ ఇంటింటా కనిపించే ప్రతినాయికను ప్రేక్షకులు నిజంగానే ద్వేషించడం, ఆ ద్వేషం తెర దాటి నటి మీద పడడం ఈ వృత్తిలో ఉన్న బాధే. "నలిగి నలిగి" అన్న ద్విరుక్తిలో ఆ ఏళ్ల బరువంతా వినిపించింది. అయితే "పాసిపోవన్" ద్రుతాంతం, అంటే నకారంతో ముగిసే పదం. దాని తరువాత పరుషం (ఇక్కడ చకారం) సరళమై (జకారమై) "పోవఁ జచ్చి" కావాలి, కానీ ఇచ్చిన సమస్యను మార్చే వీలు మనకు లేదు. "పాత్రతోఁబాటె నిందయుఁ బాఱవైచి" అంటే ద్రుతం పోతుంది, నిందను ఆమే విసిరివేసినట్టుగా చేవ కూడా వస్తుంది.

మూడవ పూరణ (క్రమాలంకారం)

ఎట్లు ముగిసెను పాత్ర? తా నేగె నెటకు
నటుఁడు? మదిని భావమ్మేది నాఁటి రాత్రి?
అడుగు వారికి వరుసగా నందు బదులు:
చచ్చి యింటికి నడచెను సంతసమున

విమర్శ: మూడు ప్రశ్నలకు మూడు జవాబులు చక్కగా అమరాయి. అవధాన వేదిక మీద ఇటువంటి పూరణకు తప్పక ప్రశంస దక్కుతుంది. కానీ ఈ పద్ధతి సమస్యలోని వైరుద్ధ్యాన్ని విప్పకుండా దాటిపోతుంది. సంతసమున అని బదులు వచ్చింది గానీ, ఎందుకన్న ప్రశ్న అలాగే మిగిలింది.

నాలుగవ పూరణ

వేఱొకరి మేన వెలయక వేషమిపుడు
తనదు మేనితో నంతమై తనదిగానె
నిలువ నటుఁడు గన్నీటిలో నెమ్మి నవ్వి
చచ్చి యింటికి నడచెను సంతసమున

విమర్శ: ఈ పూరణ నన్ను చాలాసేపు ఆపింది. ధారావాహికల్లో నటుడు వెళ్లిపోయినా పాత్ర ఉండిపోవడం, మరునాటి నుంచి మరొకరు అదే పేరుతో పలకడం మామూలే. బ్రిటన్‌లో 1963లో మొదలైన "డాక్టర్ హూ"లో, 1966లో తొలి కథానాయకుడు విలియం హార్ట్‌నెల్ తప్పుకున్నప్పుడు, నాయకుడు దేహం మార్చుకుంటాడని కథలోనే కల్పించి ప్యాట్రిక్ ట్రౌటన్‌ను ఆ పాత్రలో నిలిపారు. అది గొప్ప ఊహ, ఆ ధారావాహికకు ప్రాణం పోసిన ఊహ. అయినా విడిచి వెళ్లే నటుడి వైపు నుంచి చూస్తే, తన పాత్ర తనతోనే ముగియడంలో ఒక తృప్తి ఉంటుంది. దుఃఖాన్ని దాచకుండా ఆ తృప్తిని చెప్పినందుకే మీ "కన్నీటిలో నవ్వు" నమ్మశక్యంగా ఉంది. "మేన" రెండుసార్లు వచ్చింది. రెండవ పాదాన్ని "తనదు తనువుతో నంతమై తనదిగానె" అని మార్చితే పునరుక్తి పోయి తకారానుప్రాస కూడా దక్కుతుంది.

ఒక సభ్యుని సందేహం: టెలివిజన్ చావు నిజంగా ముగింపేనా? అమెరికా ధారావాహిక "డల్లాస్"లో ప్యాట్రిక్ డఫీ పోషించిన బాబీ పాత్ర 1985లో మరణించింది. 1986లో ఆయన తిరిగి రాగానే, మధ్యలో నడిచిన ఏడాది కథంతా ఆ పాత్ర మాజీ భార్య కన్న కలగా తేల్చారు. అలాంటప్పుడు నాలుగవ పూరణలోని "అంతమై" అన్న మాట నిలుస్తుందా?

సమాధానం: నిలుస్తుంది. నటుడు తిరిగి రావడానికి ఒప్పుకుంటేనే కదా ఆ కల! ఇంటికి నడిచిన రాత్రి అతడి మనసులో ఉన్నది ముగింపే అయితే పద్యానికి అది చాలు.

మొదటి పూరణకర్త సవరణ: మీ మాటలూ ఈ చర్చా చదివాక మళ్లీ రాశాను.

పదియు నెనిమిది యేండ్లుగాఁ బాత్రఁ దాల్చి
నటుఁడు రచయితఁ జేరి విన్నపముగాను
మరలి రాఁ దలఁపుండని మరణ మడిగి
చచ్చి యింటికి నడచెను సంతసమున

విమర్శ: ఇప్పుడు క్రియలు వరుసలో ఉన్నాయి, కర్త ఉన్నాడు. చావు అతడు కోరి తెచ్చుకున్నది కనుక సంతోషానికీ ఆధారం దొరికింది. "విన్నపము"లోని నకారంతో యతి కూడా హాయిగా కుదిరింది. ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే.