సివిల్ స్టూడెంట్‌కి డెస్క్‌టాప్, 55 వేల బడ్జెట్: ద్వారకానగర్ షాపు ఇచ్చిన ఈ కొటేషన్‌లో ఏం మార్చాలి?

గాజువాక_జంక్షన్:

అందరికీ నమస్కారం. చెల్లి బీటెక్ సివిల్ మూడో ఏడు. ఆటోక్యాడ్, రెవిట్, స్టాడ్ ప్రో రోజూ నడవాలి. ఫైనలియర్ ప్రాజెక్టుకి, మోడల్‌ని ఫొటోలా చూపించే రెండరింగ్ సాఫ్ట్‌వేర్, అంటే ల్యూమియన్ గానీ ఎన్‌స్కేప్ గానీ కావాల్సి రావచ్చంటోంది. గేములు ఆడేవాళ్లెవరూ ఇంట్లో లేరు. మానిటర్, కీబోర్డు, మౌస్ ఉన్నాయి, మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంది. విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపువాళ్లు రాసిచ్చిన కొటేషన్ ఇది:

ఐ5-12400ఎఫ్, ట్రే ప్రాసెసర్
హెచ్610 బోర్డు
8 జీబీ డీడీఆర్4, ఒకటే స్టిక్
256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్ డిస్క్
జీటీ 730 గ్రాఫిక్స్ కార్డు, 4 జీబీ
గ్లాసు క్యాబినెట్, నాలుగు లైట్ల ఫ్యాన్లు, దాంతోపాటే 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై)

ఐ5 ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఇంకేం కావాలి అంటున్నారు. నిజమేనా? ఇంకో మాట, మా వీధిలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. యూపీఎస్ కూడా ఈ 55 వేలలోనే సర్దాలి.

సీతమ్మధార_సాకెట్:

ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంది చూడండి, ఈ కొటేషన్ మొత్తం దాని చుట్టూ అల్లారు. ఎఫ్ అంటే చిప్‌లో గ్రాఫిక్స్ లేదని అర్థం. బోర్డుకి హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా అందులోంచి డిస్‌ప్లే రాదు. డిస్‌ప్లే రావాలి కాబట్టి జీటీ 730 తగిలించారు. అది 2014లో వచ్చిన కార్డు. 4 జీబీ అన్న అంకె చూసి ఆశపడొద్దు, నిదానంగా నడిచే డీడీఆర్3 మెమరీతో అమ్మేవే ఎక్కువ. ఆ తరం కార్డులకి ఎన్విడియా మామూలు డ్రైవర్లు 2021లోనే ఆపేసింది, తర్వాత కొన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే ఇచ్చింది. ల్యూమియన్ దాని మీద నడవదు.

ఎఫ్ లేని ఐ5-12400 అడగండి. అవే 6 కోర్లు, అవే 12 థ్రెడ్లు, పైగా యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉంటుంది. ఆటోక్యాడ్ 2డీకి, స్టాడ్‌కి, కాలేజీ స్థాయి రెవిట్ మోడళ్లకి అది చాలు. జీటీ 730కి పోసే డబ్బు ర్యామ్‌కి మళ్లించండి. రెవిట్‌కి 8 జీబీ అస్సలు చాలదు. ఫైలు తెరిచి, పక్కన బ్రౌజర్ తెరిస్తే, ర్యామ్‌లో పట్టనిదాన్ని విండోస్ ఎస్ఎస్‌డీ మీదకి స్వాప్ చేయడం మొదలెడుతుంది. మౌస్ కదుపుతుంటే మోడల్ ఆగి ఆగి తిరుగుతుంది. 16 జీబీ కనీసం.

ట్రే అంటే డబ్బా లేకుండా విడిగా అమ్మే చిప్. డబ్బాలో వచ్చేదానికి ఇంటెల్ మూడేళ్ల వారంటీ ఇస్తుంది, కూలర్ కూడా అందులోనే ఉంటుంది. ట్రే చిప్‌కి కంపెనీ వారంటీ మనకి రాదు, ఆ షాపు ఏమిస్తే అదే. కూలర్ కూడా విడిగా కొనాలి. అది కలిపి లెక్కేస్తే మిగిలేది పెద్దగా ఉండదు.

హెచ్610 బోర్డు ఉంచుకోవచ్చు. కానీ ఎస్ఎస్‌డీ నేరుగా బోర్డులో దిగే ఎం.2 స్లాట్ ఉన్న మోడలే తీసుకోండి, కొన్ని చవక మోడళ్లలో ఉండదు. ఈ చిప్‌సెట్‌లో ఎం.2కి వచ్చేది జెన్3 లైన్లే, అంటే జెన్4 కంటే పాత తరం వేగం. జెన్4 ఎస్ఎస్‌డీ పెట్టినా సెకనుకి 3,500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది కాబట్టి దానికోసం ఎక్కువ ఇవ్వొద్దు. 500 జీబీ ఎన్‌వీఎంఈ (ఎం.2లో దిగే, సాటా కంటే వేగమైన ఎస్ఎస్‌డీ) ఒకటి చాలు. హార్డ్ డిస్క్ ఇప్పుడు కొట్టేయండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు.

రెండరింగ్ కార్డు ఇప్పుడే కొనాలా అంటే, నా అభిప్రాయం వద్దనే. ప్రాజెక్టు మొదలయ్యేనాటికి కొనండి. అప్పుడు ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ చూడండి. అది 70 వాట్లది, చాలా మోడళ్లకి విడిగా పవర్ వైరు అక్కర్లేదు, స్లాట్ నుంచే తీసుకుంటుంది. అదే పేరుతో 8 జీబీ ఇంకోటి ఉంది, అది 130 వాట్లు, దానికి ఎస్ఎంపీఎస్ నుంచి వైరు పెట్టాలి. పేరు ఒకటే కాబట్టి బిల్లులో జీబీ కూడా రాయించండి.

కార్డు ఇప్పుడే కావాల్సిందే అంటే మాత్రం ఐ5 వదిలి ఐ3-12100కి దిగండి. రెవిట్‌లో గోడలు, స్లాబులు గీసే పని ఎక్కువగా ఒకే కోర్ మీద నడుస్తుంది. ఐ3 టర్బో (గరిష్ఠ వేగం) 4.3 గిగాహెర్ట్జ్, ఐ5 టర్బో 4.4. గీసేటప్పుడు ఆ తేడా చేతికి తెలియదు. సీపీయూ మీద రెండర్ పెట్టినప్పుడు మాత్రం 4 కోర్లకీ 6 కోర్లకీ తేడా గట్టిగా కనపడుతుంది.

ఎర్త్‌పిన్:

పైన చెప్పినవన్నీ సరే. నా దృష్టిలో ఆ కొటేషన్‌లో అసలు ప్రమాదం క్యాబినెట్‌తో ‘ఫ్రీ’గా వచ్చే ఎస్ఎంపీఎస్. షాపుకి వెళ్లినప్పుడు దాన్ని పక్కకి తిప్పించి స్టిక్కర్ చదవండి. ప్లస్ 12 వోల్టులు అని ఒక గడి ఉంటుంది, దాని కింద ఆంపియర్లు ఉంటాయి. అక్కడ 18 ఉందనుకోండి, 12 ఇంటూ 18, 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ఆ 12 వోల్టుల లైన్ నుంచే. అట్ట మీద 500 అని ఎంత పెద్దగా రాసినా మీకు దొరికేది 216. మంచి 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువన్న సర్టిఫికెట్) యూనిట్‌లో అదే గడిలో 36 దాకా ఉంటుంది, అంటే 432 వాట్లు.

మీ సిస్టమ్ లెక్క: ఐ5-12400 పూర్తి టర్బోలో 117 వాట్లు, రేపు పెట్టే 3050 6 జీబీ 70, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపి ఓ 50. మొత్తం 240 లోపు. కాబట్టి 450 వాట్ల బ్రాంజ్ చాలు, 650 అక్కర్లేదు. చవక ఎస్ఎంపీఎస్‌లో ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు సరిగా ఉండవు. అందుకే అది పోయేటప్పుడు బోర్డునీ ఎస్ఎస్‌డీనీ వెంట తీసుకుపోతుంది. డబ్బు చాలకపోతే లైట్ల ఫ్యాన్లు తీసేయండి, గ్లాసు క్యాబినెట్ తీసేయండి, దీన్ని మాత్రం తగ్గించొద్దు.

యూపీఎస్: 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది మామూలుగా 360 వాట్లు. కార్డు లేకుండా సిస్టమ్, మానిటర్ కలిపినా దానికి హాయిగా సరిపోతుంది. కార్డు పెట్టి రెండర్ నడుపుతుండగా కరెంటు పోతే గోడ దగ్గర లోడు 300 దాటొచ్చు, అప్పుడు బ్యాటరీ మీదకి మారేటప్పుడు ట్రిప్ అయ్యే అవకాశం ఉంది. కార్డు ఎలాగూ కొనేదే అయితే 1000 వీఏ, 600 వాట్లది ఇప్పుడే తీసుకోండి. ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికే యూపీఎస్, గంటలు పని చేసుకోవడానికి కాదు. లేజర్ ప్రింటర్ దానికి తగిలించొద్దు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో మార్పు త్వరగా జరుగుతుంది. రెండో మోడ్‌లో ఆలస్యం ఎక్కువ, ఎస్ఎంపీఎస్ నిలబెట్టగలిగేది పదహారు పదిహేడు మిల్లీసెకన్లే కాబట్టి సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో సాకెట్ చూపించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ 230 ప్రాంతం, ఫేజుకీ ఎర్త్‌కీ కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు రావాలి. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందంటే ఎర్త్ లేదన్నమాటే. యూపీఎస్ ఎంత ఖరీదైనదైనా ఆ లోటు తీర్చదు. తుఫాను హెచ్చరిక వస్తే పవర్ ప్లగ్గుతోపాటు లాన్ వైరు కూడా పీకేయాలి. 2014 హుద్‌హుద్ చూసిన ఊరికి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ ప్లగ్గు గుర్తున్నవాళ్లు లాన్ వైరు మర్చిపోతారు.

గాజువాక_జంక్షన్:

చాలా థ్యాంక్స్ అండీ. స్టిక్కర్ చూశాను, 12 వోల్టుల గడిలో నిజంగానే 18 ఉంది. ఎఫ్ లేని 12400 డబ్బా పీస్ తెప్పిస్తామన్నారు. ర్యామ్ దగ్గర మాత్రం పేచీ. ‘16 జీబీ ఒకటే స్టిక్ వేయించుకోండి, రేపు ఇంకోటి పెట్టుకోవచ్చు’ అంటున్నారు. డీడీఆర్5 బోర్డు కూడా దాదాపు అదే ధరకి ఇస్తామంటున్నారు. ఏటి చెయ్యమంటారు?

డాబాగార్డెన్స్_డీడీఆర్:

రెండు 8లు వేయించుకోండి. మీకు గ్రాఫిక్స్ కార్డు లేదు కదా, చిప్‌లోని గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4-3200 ఒక స్టిక్ ఇచ్చేది సెకనుకి 25.6 జీబీ, రెండు స్టిక్కులు రెండు ఛానెళ్లలో ఉంటే 51.2 జీబీ. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్‌కీ కలిపి ఉన్నది ఆ ఒక్క దారే. రెవిట్‌లో 3డీ వ్యూ తిప్పేటప్పుడు ఈ తేడా కంటికి కనపడుతుంది. షాపువాళ్లు చెప్పిందాంట్లోనూ న్యాయం ఉంది. హెచ్610కి స్లాట్లు రెండే, 32కి వెళ్లాలంటే రెండు 8లూ తీసేయాలి. అయినా కార్డు లేని ఈ ఏడాది మొత్తం సగం దారితో నడపడం కంటే ఇదే మేలు.

డీడీఆర్5 వద్దు. బోర్డు ధర దగ్గరగానే ఉండొచ్చు, దాంట్లో పెట్టే స్టిక్కుల సంగతి అడగండి. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఒకే హెచ్610 పేరుతో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్4ది అయితే చాలా కంపెనీలు పేరు చివర డీ4 అని పెడతాయి. స్టిక్‌కి ఉండే గాటు రెండింటికీ వేరే చోట ఉంటుంది, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో దిగదు. బిల్లు కొట్టేముందు బోర్డు డబ్బా మీద పేరు పూర్తిగా చదవండి.

12400 దొరక్కపోతే మాత్రం రైజెన్ 5 5600జీ చూడొచ్చు. దీనికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు, చిప్‌లోని వేగా గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 730 కంటే బలమైనది, ర్యామ్ ఇదే డీడీఆర్4. బోర్డు వేరే కావాలి, బీ550 గానీ ఏ520 గానీ. ఒక్కో కోర్ వేగంలో 12400 ముందుంటుంది, క్యాడ్ పనికి అదే ముఖ్యం, అందుకే రెండో ఎంపికగా చెప్తున్నాను.

లాసన్స్‌బే_ఉప్పుగాలి:

క్యాబినెట్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి. ముందు వైపు మొత్తం గాజు ఉన్నది వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి, జాలీ వెనక తీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి. గాజువాక వైపు నల్లటి సన్న దుమ్ము ఎక్కువ, అది హీట్‌సింక్ రెక్కల మధ్య చేరి చాపలా అతుక్కుపోతుంది. నాలుగు లైట్ల ఫ్యాన్ల బదులు మామూలు 120 ఎంఎం ఫ్యాన్లు మూడు చాలు. ముందు రెండు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. లోపలికి వచ్చే గాలి ఎక్కువగా ఉంటే సందుల్లోంచి దుమ్ము దూరదు, వచ్చేదంతా ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. నెలకోసారి ఫిల్టర్ కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

సముద్రం దగ్గరి ఇళ్లలో ఇంకో బాధ ఉంది. సిస్టమ్ వారాల తరబడి ఆపి ఉంచితే ర్యామ్ కాళ్ల మీద సన్నటి మచ్చ పడుతుంది, ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు. చాలామంది పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. వద్దు, పైన ఉండే బంగారు పూత చాలా పల్చన, రబ్బరు దాన్ని గీకేస్తుంది, తర్వాత మచ్చ ఇంకా త్వరగా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి తుడిచి, ఆరాక పెట్టండి. సెలవుల్లో కూడా వారానికో గంట ఆన్ చేస్తే లోపలి తేమ ఆరిపోతుంది.

సీతమ్మధార_సాకెట్:

బిగించే రోజు షాపులోనే ఉండి ఇవి చూసుకోండి.

ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కి నాలుగు కాళ్లు, కింద పేస్టు ముందే రాసి ఉంటుంది. కాళ్లు ఎదురెదురు మూలలు రెండేసి చొప్పున నొక్కాలి. నొక్కాక బోర్డు తిప్పి వెనక చూడండి. ప్రతి రంధ్రంలోనూ తెల్ల కాలు చీలి, దాని మధ్యలో నల్ల పుల్ల దిగి కనపడాలి. ఒక్కటి దిగకపోయినా కూలర్ ఓ పక్కకి లేస్తుంది, రెండర్ పెట్టగానే వేడి 100 డిగ్రీలకి పోయి ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. అలాంటప్పుడు సిస్టమ్ స్లో అని విండోస్ మళ్లీ మళ్లీ వేసినా లాభం ఉండదు.

డిస్‌ప్లే వచ్చాక బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయించండి. కొన్ని స్టిక్కులు అది లేకపోతే 3200 బదులు 2666 దగ్గరో, ఇంకా తక్కువలోనో నడుస్తాయి. విండోస్ 11కి టీపీఎం అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, బయోస్‌లో పీటీటీ అని ఉంటుంది. విండోస్ వేశాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం 3200, స్లాట్లు రెండింట్లో రెండు అని కనపడాలి. తర్వాత క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో వేసి ఎస్ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో చూడండి. కొత్తదైతే ఒకటో రెండో గంటలు. వందల్లో ఉంటే అది ఎవరో వాడినది, అక్కడే మార్పించండి.

బిల్లు జీఎస్‌టీది కావాలి, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్ సీరియల్ నంబర్లు అందులో ఎక్కించాలి. డబ్బాలు పారేయొద్దు. సాఫ్ట్‌వేర్‌కి విడిగా డబ్బు పెట్టకండి, ఆటోక్యాడ్, రెవిట్ రెండూ స్టూడెంట్లకి ఆటోడెస్క్ ఉచితంగానే ఇస్తుంది, ఏడాదికోసారి రెన్యువల్ చేసుకోవాలి.

గాజువాక_జంక్షన్:

రాసుకున్నాను. ఎఫ్ లేని 12400 డబ్బా పీస్, హెచ్610 డీ4, రెండు 8లు, 500 జీబీ ఎన్‌వీఎంఈ, 450 బ్రాంజ్, జాలీ క్యాబినెట్, 1000 వీఏ యూపీఎస్. కార్డు వచ్చే ఏడాది. చివరిగా ఒకటి, కార్డు పెట్టాక పాత హెచ్‌డీఎంఐ వైరు అలాగే ఉంచొచ్చా?

సీతమ్మధార_సాకెట్:

వద్దు. వైరు బోర్డు నుంచి పీకి కార్డు వెనక ఉన్న పోర్టుకి పెట్టాలి, లేకపోతే డిస్‌ప్లే పాత గ్రాఫిక్స్ మీదే నడుస్తూ ఉంటుంది, లేదా అసలు రాదు. ఎన్విడియా డ్రైవర్ వేశాక టాస్క్ మేనేజర్‌లో 3050 పేరు కనపడిందో లేదో చూసి, అప్పుడు ల్యూమియన్ తెరవమనండి.