అందరికీ ఇరవైకి ఇరవై వచ్చిన క్విజ్: ఆన్‌లైన్ క్విజ్‌లు నిర్వహించేవారి అనుభవాలు

లెక్కల టీచరు, ప్రకాశం జిల్లా

ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ (జాతీయ ప్రతిభా ఉపకార వేతన పరీక్ష) రాయబోయే పిల్లలు 38 మంది ఉన్నారు. ఆ పరీక్షలో మానసిక సామర్థ్యానికి 90, పాఠ్యాంశాలకు 90 బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది కనుక తల్లిదండ్రులు కూడా పట్టుదలగానే ఉన్నారు. అందుకే వారానికొకసారి గూగుల్ ఫామ్స్‌లో 20 ప్రశ్నల క్విజ్ తయారుచేసి, సాయంత్రం ఏడు గంటలకు వాట్సాప్ గ్రూపులో లింకు పెడుతున్నాను.

మొదటి రెండు వారాలు మార్కులు నమ్మదగినట్లే వచ్చాయి. మూడో వారం 31 మందికి 20కి 20 వచ్చాయి. సంతోషించాను కూడా. మర్నాడు అవే లెక్కలను అంకెలు మార్చి నల్లబల్ల మీద వేస్తే చేయగలిగినవారు ఏడెనిమిది మందికి మించలేదు. ఆరా తీస్తే సంగతి తేలింది. మార్కులు వెంటనే చూపించేలా నేను ఫారం పెట్టడంతో, మొదట పూర్తిచేసిన పిల్లవాడికి సరైన జవాబులన్నీ తెర మీద కనిపించాయి, వాళ్ల అన్నయ్య వాటిని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులోనే పెట్టి, పది నిమిషాల తరువాత తొలగించాడు.

రెండో చిక్కు ఇంకొకటి ఉంది. ఒక్కొక్కరు ఒక్కసారే జవాబివ్వాలని సెట్టింగు మార్చాను. మా తరగతిలో ఒకే ఇంటి పెదనాన్న కూతురు, చిన్నాన్న కూతురు ఇద్దరూ ఉన్నారు. ఆ ఇంట్లో ఫోనూ ఒకటే, అందులోని గూగుల్ ఖాతా కూడా ఒకటే. దాంతో రెండో అమ్మాయి ఫారమే తెరవలేకపోయింది. మీరెలా నెట్టుకొస్తున్నారో దయచేసి చెప్పండి.

ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకుడు, కాకినాడ

టీచరు గారూ, మీ మొదటి చిక్కు దాదాపుగా అందరూ ఒకసారి పడ్డదే. క్విజ్ సెట్టింగులలో మార్కుల విడుదలను 'సమీక్షించిన తరువాత' అన్నదానికి మార్చండి. అయితే అప్పుడు ఈమెయిలు చిరునామాలు సేకరించడం తప్పనిసరి అవుతుంది, అది మీ పిల్లలకు కుదరకపోవచ్చు. అలాంటప్పుడు విడుదలను వెంటనే ఉంచినా, తప్పిన ప్రశ్నలు, సరైన జవాబులు చూపించే రెండు మీటలనూ ఆపేస్తే జవాబులు బయటికి పొక్కవు. ఫలితాల సారాంశాన్ని జవాబిచ్చినవారికి చూపించే మీట ఇంకొకటి వేరే చోట ఉంటుంది, అది కూడా ఆగి ఉందో లేదో చూసుకోండి.

రెండో చిక్కుకు, ఒక్కసారే జవాబివ్వాలనే నిబంధనను తీసేయండి. అది మనిషిని కాక గూగుల్ ఖాతాను లెక్కపెడుతుంది. దాని బదులు మొదటి ప్రశ్నగా హాజరుపట్టీ సంఖ్య అడిగి, 1 నుంచి 38 వరకు ఉన్న అంకెను మాత్రమే స్వీకరించేలా నియమం పెట్టండి. ఒకే సంఖ్యతో రెండు జవాబులు వస్తే మొదటిదే లెక్కలోకి వస్తుందని ముందే చెప్పండి. పేరు రాయమంటే ఒకే పిల్లవాడు ఒక వారం తెలుగులో, ఒక వారం ఇంగ్లీషులో, ఒక వారం ఇంటిపేరుతో రాస్తాడు, ఆఖరికి షీటులో ముగ్గురు పిల్లలుగా కనిపిస్తాడు.

మేము 2020 లాక్‌డౌన్ కాలం నుంచి కళాశాల సర్వరులో మూడిల్ అనే బోధన, పరీక్షల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. గూగుల్ ఫామ్స్‌లో ఒక్కొక్క విద్యార్థికి విడిగా గడియారం నడిపే ఏర్పాటు సొంతంగా లేదు. మూడిల్‌లో ఉంది. నెట్టు పోయినా సర్వరు వైపు గడియారం నడుస్తూనే ఉంటుంది కనుక మొదట్లో పిల్లలు లబోదిబోమన్నారు. తరువాత, నిజంగా ఇబ్బంది పడ్డవారికి వ్యక్తిగతంగా అదనపు సమయం ఇచ్చే వీలు అందులోనే ఉందని కనుక్కున్నాం. అధ్యాయాల వారీగా ప్రశ్ననిధి తయారుచేసుకుని, అరవై ప్రశ్నలలోంచి ఒక్కొక్కరికి పదిహేను యాదృచ్ఛికంగా వచ్చేలా పెడితే పక్కవాడి తెర చూసినా పెద్ద ప్రయోజనం ఉండదు. అక్కడ మేము ఒక పొరపాటు చేశాం. తేలికవీ కఠినమైనవీ ఒకే సంచిలో వేయడంతో ఒకడికి అన్నీ నిర్వచనాలు, పక్కవాడికి అన్నీ సుదీర్ఘమైన లెక్కలు వచ్చాయి. ఇప్పుడు ప్రతి అధ్యాయాన్నీ తేలిక, మధ్యస్థం, కఠినం అని మూడు అరలు చేసి, ఒక్కొక్క అరలోంచి ఐదేసి ప్రశ్నలు తీస్తున్నాం.

తెలుగు పండిట్, తెనాలి

భాషకు సంబంధించిన తంటాలు నేను చెబుతాను, ఎందుకంటే వాటిని ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారెవరూ ఊహించి ఉండరు.

మన పాత ప్రశ్నపత్రాలు చాలావరకు డీటీపీ కేంద్రాలలో 'అను' అనే పాత రకం ఫాంట్లతో కొట్టించినవి. వాటిని నకలు తీసి ఫారంలో అతికిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనిపిస్తుంది. ఏ ఫోనులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, కానీ మార్చాక వత్తులను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవలసిందే. నేనైతే కాగితాన్ని శుభ్రంగా ఫొటో తీసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, డాక్స్‌తో తెరుస్తాను. అక్షరాలు గుర్తుపట్టి పాఠ్యంగా మారుస్తుంది, నాకు దిద్దుడు మాత్రమే మిగులుతుంది.

ఒక్క మాటలో జవాబు రాసే ప్రశ్నలు తెలుగులో పెట్టేముందు పదిసార్లు ఆలోచించండి. యంత్రం అక్షరానికి అక్షరం పోల్చుతుంది. 'ఋతుపవనాలు' అని మీరు పెడితే 'రుతుపవనాలు' అని రాసిన పిల్లవాడికి సున్నా వస్తుంది. 'కిరణజన్య సంయోగక్రియ'ను కలిపి రాసినవాడికీ, విడదీసి రాసినవాడికీ వేరు వేరు మార్కులు వస్తాయి. కొన్ని కీబోర్డులు పొల్లు పక్కన కంటికి కనిపించని ఒక అక్షరాన్ని కూడా చేరుస్తాయి కనుక, చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు జవాబులలో ఒకటి ఒప్పు, ఒకటి తప్పు అవుతుంది. ఒక అమ్మాయి కంటతడి పెట్టుకుని ఫోను చూపించినప్పుడు గానీ నాకు ఈ సంగతి తెలియలేదు. ఆమె రాసింది నూటికి నూరుపాళ్లూ సరైనదే. అంగీకరించదగిన రూపాలు ఎన్ని ఉంటే అన్నీ జవాబుల పట్టికలో చేర్చవచ్చు, అయినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. అందుకని సంధి ప్రశ్నలన్నీ బహుళైచ్ఛికాలకే మార్చుకున్నాను.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఐచ్ఛికాల వరుసను తారుమారు చేసే మీట నొక్కినప్పుడు 'పైవన్నీ', 'ఎ మరియు సి' వంటివి లేకుండా చూసుకోండి. మొదటి వరుసలో కూర్చున్న 'పైవన్నీ'ని చూసి పిల్లలు వారం రోజులు నవ్వుకున్నారు.

ఏజెన్సీ మాస్టారు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

మీ అందరి చర్చలో ఇంటింటికీ ఫోను ఉన్నట్లే ఉంది. మా పిల్లలలో సగం ఇళ్లలో స్మార్ట్‌ఫోనే లేదు. నేను ప్లికర్స్ అనే యాప్ వాడుతున్నాను. ప్రతి పిల్లవాడికీ తన సంఖ్యతో ఒక చతురస్రాకారపు గుర్తు అచ్చువేసిన కార్డు ఇస్తాను. ఎ, బి, సి, డి లలో తాననుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డును తిప్పి పట్టుకుంటే, నా ఫోను కెమెరాను తరగతి అంతటా ఒకసారి తిప్పగానే అందరి జవాబులూ నమోదవుతాయి. అక్షరాలు చాలా చిన్నవి, గుర్తు ఒక్కొక్కరిదీ వేరు, అందువల్ల పక్కవాడి కార్డు చూసి లాభం లేదు. కార్డులకు మెరిసే లామినేషన్ చేయించకండి, వెలుతురు పడితే కెమెరా చదవదు. వేళ్లు గుర్తుకు అడ్డం రాకూడదని కూడా ముందే నేర్పాలి. మా బడి ఆవరణలో సిగ్నల్ వేపచెట్టు కిందనే అందుతుంది కనుక క్విజ్ ఉన్న రోజు తరగతి అక్కడికే మారుతుంది, పిల్లలకు అదొక పండుగ.

జూనియర్ కళాశాల భౌతికశాస్త్రం, విజయవాడ

కాపీని అరికట్టాలంటే కెమెరా ఆన్ చేయించడమే మార్గమని నా అభిప్రాయం. మేము మాదిరి పరీక్షలకు అలాగే చేస్తున్నాం. రుణాత్మక మార్కుల గురించి కూడా ఆలోచించండి. నాలుగు ఐచ్ఛికాలున్న 20 ప్రశ్నలకు కళ్లు మూసుకుని నొక్కినా సగటున ఐదు మార్కులు వస్తాయి. తప్పుకు మూడో వంతు మార్కు తగ్గిస్తే ఆ ఊహల లాభం సరిగ్గా సున్నా అవుతుంది.

ఇంజినీరింగ్ కళాశాల అధ్యాపకుడు, కాకినాడ

సార్, రుణాత్మక మార్కుల విషయంలో ఆ పిల్లలు రాయబోయే పరీక్షనుబట్టి పోవాలి. జేఈఈ మెయిన్‌లో ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి ఉంది కనుక మీ విద్యార్థులకు ఆ అలవాటు అవసరమే. 180 నిమిషాలలో 160 ప్రశ్నలుండే ఈఏపీసెట్‌లో గానీ, టీచరు గారి ఎన్‌ఎంఎంఎస్‌లో గానీ రుణాత్మక మార్కులు లేవు. అక్కడ తెలియని ప్రశ్నను వదిలేయడమే నష్టం. వారం వారం క్విజ్‌లో తప్పుకు కోత పెడితే పిల్లవాడు ఖాళీ వదలడం నేర్చుకుంటాడు, అసలు పరీక్షలో ఆ అలవాటే దెబ్బతీస్తుంది.

కెమెరా మాటకు వస్తే, ఎనిమిదో తరగతి పిల్లల ఇల్లంతా తెర మీదకు లాగవలసినంత అవసరం ఇరవై ప్రశ్నలకు ఉందని నేననుకోను.

ఒక తల్లి, హైదరాబాద్

నేను ఉపాధ్యాయురాలిని కాను, కానీ కెమెరా ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట చెబుతాను. మా బాబు చదివే బడి వారు సైన్సు క్విజ్ ఫారంలో పుట్టినతేదీ, తండ్రి ఫోను నెంబరు, ఆధార్ సంఖ్య కూడా అడిగారు. పైగా జవాబుల షీటును లింకు ఉన్నవారెవరైనా చూడగలిగేలా వదిలేశారు. తరగతిలోని పిల్లలందరి వివరాలూ నా ఫోనులో కనిపించాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతిని కోరుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ద్రవ్యనిత్యత్వ నియమం మీద పది ప్రశ్నలకు ఆధార్ ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు. పైన చెప్పినట్లు హాజరుపట్టీ సంఖ్య చాలు.

జూనియర్ కళాశాల భౌతికశాస్త్రం, విజయవాడ

అమ్మా, మీరు చెప్పినది న్యాయమే. మా మాదిరి పరీక్షలకు కూడా కెమెరా బదులు కళాశాల ల్యాబులోనే కూర్చోబెట్టే వీలుందేమో అడిగి చూస్తాను.

లెక్కల టీచరు, ప్రకాశం జిల్లా

అందరికీ ధన్యవాదాలు. రెండు వారాలు మీరు చెప్పినవి ఆచరించి మళ్లీ రాస్తున్నాను.

జవాబులు చూపించే మీటలు ఆపేశాను, సంఖ్యతో నమోదు మొదలుపెట్టాను. క్విజ్‌ను సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు తెరిచి ఉంచుతున్నాను కనుక ఆ ఇంటి అమ్మాయిలిద్దరూ ఒకరి తరువాత ఒకరు ఒకే ఫోనులో రాసుకుంటున్నారు. 20 ప్రశ్నలను 10కి తగ్గించాను. కానీ అసలు మార్పు ప్రశ్నలలో వచ్చింది. ఇంతకాలం సరైన జవాబు ఒకటి రాసి, మిగిలిన మూడు గడులలో తోచిన అంకెలు వేసేదాన్ని. ఇప్పుడు తప్పు ఐచ్ఛికం ప్రతిదీ పిల్లలు నిజంగా చేసే ఒక తప్పు నుంచే తీస్తున్నాను. 1/2కు 1/3 కలపమంటే, పైవి పైకి, కిందివి కిందికి కూడేవాడికి 2/5 వస్తుంది కనుక అది ఐచ్ఛికాలలో ఉండాలి. 0.3ను 0.2తో గుణించమంటే 0.6 ఉండాలి.

ఒక వస్తువు ధరను 20 శాతం పెంచి, పెరిగిన ధర మీద మళ్లీ 20 శాతం తగ్గిస్తే ఏమవుతుందని అడిగాను. 38 మందిలో 22 మంది 'మార్పు ఉండదు' అన్నారు. సరైన జవాబైన 'నాలుగు శాతం తగ్గుతుంది' ఎంచుకున్నవారు తొమ్మిది మందే. మార్కుల జాబితా చూస్తే నిరుత్సాహమే కలుగుతుంది, కానీ రేపు ఏ పాఠం చెప్పాలో నాకు ఇంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు. మర్నాడు వంద రూపాయల కందిపప్పు పొట్లం ధరను బల్ల మీద 120 చేసి, అందులో 20 శాతం ఎంతో వాళ్లచేతే కట్టించాను. 24 అని రాగానే వెనక బల్ల నుంచి ఒకడు, 'టీచర్, దుకాణం వాడు నాలుగు రూపాయలు పోగొట్టుకున్నాడు' అన్నాడు. ఈ వారం అదే ప్రశ్నను పది శాతంతో పెట్టాను. 'మార్పు ఉండదు' అన్నవారు ఐదుగురికి తగ్గారు, వారి సంఖ్యలు రాసిపెట్టుకున్నాను.

అన్నయ్యగారు మాత్రం ఇంకా గ్రూపులోనే ఉన్నారు. పిల్లలకు వేరే గ్రూపు పెడదామని ప్రధానోపాధ్యాయుల వారిని అడిగాను.

ఏజెన్సీ మాస్టారు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

టీచరు గారూ, ఆ పది ప్రశ్నలనూ తప్పు ఐచ్ఛికాలు ఎందుకు పెట్టారో రాసి ఇక్కడ ఉంచగలరా? మా పిల్లలలోనూ నలుగురు ఎన్‌ఎంఎంఎస్ రాస్తున్నారు. శనివారం వేపచెట్టు కింద అడిగి, మా వాళ్లు ఏ అక్షరం పైకి పట్టుకున్నారో మీకు పంపుతాను.